పరిమితికి లోబడి

తీపి ఇంకా నాలుక వెనక అంటుకునే ఉంది. నిమ్మకాయ వాసన కలిపినంత మాత్రాన గ్లూకోజు నీళ్ళు నిమ్మరసం అయిపోతాయని వీళ్ళ నమ్మకం కాబోలు. గ్లాసు చేతికిచ్చి, "గుక్క తిప్పుకోకుండా తాగెయ్యాలమ్మా, తర్వాత రెండు గంటలు కుర్చీలోంచి కదలకూడదు, నీళ్ళు కూడా ఓ గుక్కకి మించొద్దు" అంది రక్తం తీసే అమ్మాయి, గోళ్ళకి ఆకుపచ్చ రంగు, ముఖాన నిద్ర చాలని చిరాకు. తాగేశాను. ఒక గంట ఎలాగో గడిచింది, ఇంకో గంట మిగిలింది, ఇదే గడిచేలా లేదు. కుర్చీకి చిల్లులు, చిల్లులు ఎందుకో, కూర్చున్నవాళ్ళ భయం కిందికి కారిపోవడానికేమో. గోడ మీద టీవీలో ఎవరో నోరు కదుపుతున్నారు, మాట బయటికి రాదు. మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు, లాగితే వెంట్రుకలు పీకుతుంది కాబట్టి లాగను. ఈ గంట చివర ఇంకోసారి పొడుస్తారు. అప్పుడు నా రక్తంలో చక్కెర నూట నలభై లోపు ఉంటే నా కిడ్నీల్లో ఒకటి అన్నయ్యకి వెళ్తుంది. దాటితే వెళ్ళదు. కిడ్నీ డాక్టరు మంచివాడే, మెత్తగా చెప్పాడు, మెత్తగా చెప్పేవాళ్ళతోనే నాకు భయం. "అన్నీ కుదిరాయమ్మా, పరగడుపు షుగరొక్కటే గట్టు మీద కూర్చుంది. ఈ పరీక్షలో దాటితే మాత్రం తీసుకోలేం. ఒక రోగిని బాగుచెయ్యబోయి ఇద్దరు రోగుల్ని తయారుచెయ్యకూడదు కదా" అన్నాడు. నేను తలూపాను. గట్ల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పైఅంతస్తులో అన్నయ్య ఇప్పుడు యంత్రానికి కట్టి ఉంటాడు, ఎడమచేతిలోంచి రక్తం బయటికి వెళ్ళి, ఉతికినట్టు శుభ్రపడి మళ్ళీ లోపలికి వస్తుంటుంది, రోజు విడిచి రోజు ఇదే పని. బస్సు నడిపినన్నాళ్ళూ నీళ్ళు తాగేవాడు కాదు, తాగితే దారిలో ఆపాలి, ఆపితే ఆలస్యం, ఆలస్యమైతే జనం తిడతారు, ఆ తిట్లు పడలేక నోరు కట్టుకున్నాడు. నడుం నొప్పికి మాత్రలు, శనగలు నమిలినట్టు నమిలేవాడు. వదిన రక్తం కలవలేదు. పిల్లల రక్తం కలుస్తుందేమో కాని, వాళ్ళ జోలికి వెళ్తే యంత్రం పీకేసుకుని ఇంటికి పోతానన్నాడు, అన్నంత పనీ చేసే మనిషి. ఇక మిగిలింది నేను. నేను కాకపోతే చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించుకున్నవాళ్ళ పెద్ద వరస, ఆ వరసలో ముందున్నవాళ్ళు కూడా కదలడం ఎవరూ చూడలేదు. కలిసింది అని ఫోనొచ్చిన రోజు వంటింట్లో నిలబడి ఉన్నాను, స్టవ్వు కట్టేసి నేల మీద కూర్చున్నాను, నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది, చూడ్డానికి ఎవరూ లేరు కాబట్టి రెండూ ఒకేసారి కానిచ్చాను. అన్నయ్యైతే ఫోనులో ఒకటే వేళాకోళం. "నీ కిడ్నీకి ఫ్యాక్టరీ సీలు కూడా తీసుండదే బుల్లీ! నా ఒంట్లో పెడితే అది తట్టుకుంటుందో లేదో" అన్నాడు. చిన్నప్పుడు బుల్లిగా ఉండేదాన్నని బుల్లి, ఇప్పుడు జుట్టు నెరిసినా బుల్లే. ఈ లోకంలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు, అన్నయ్యా వదినా, వాళ్ళూ నోరు తెరవకపోతే ఆ పేరుగల మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

సీలు తీయని కిడ్నీ. నిజానికి నాకు గర్వంగానే అనిపించింది, ఎందుకు దాచుకోవాలి. ఆహార పరీక్షల ల్యాబులో ఇన్నేళ్ళు పనిచేశాను, జనం తినేదాంట్లో తినకూడనివి ఎంతున్నాయో చూడడం నా ఉద్యోగం. బియ్యంలో ఆర్సెనిక్, ఆకుకూరలో కాడ్మియం, పండు తొక్కమీద పురుగుమందు, మాడిన పిండిలో ఒకటి, మరిగి మరిగి నల్లబడిన నూనెలో ఇంకొకటి, ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి వేసే మందు అందులోంచి దిగి పచ్చడి నూనెలోకి చేరితే అదొకటి. ప్రతిదానికీ ఒక గీత. గీతకి కింద ఉంటే "పరిమితికి లోబడి ఉంది" అని రాసి సంతకం పెడతాను, పైన ఉంటే "పరిమితి దాటింది" అని రాసి సంతకం పెడతాను. ఇన్నేళ్ళలో మూడో మాట రాయలేదు. ఆ గీతలన్నీ తలలో పెట్టుకుని బజారుకి వెళ్ళేదాన్ని, నాకేసి చూసి కూరగాయలావిడ మొహం తిప్పుకునేది, ఈవిడ వచ్చిందంటే వంకాయకి కూడా జాతకం అడుగుతుంది అనేది పక్కావిడతో, నాకు వినపడేలాగే. కడిగి, నానబెట్టి, మళ్ళీ కడిగి, ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తిన్నాను. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. నా ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఎవరైనా వస్తే పనికొస్తుందని రెండో కంచం కొన్నాను, అది అలమరలో దుమ్ముపడితే అప్పుడప్పుడు కడిగి మళ్ళీ అక్కడే పెడతాను. ఇంత జాగ్రత్త దేనికమ్మా అని నన్ను నేనే అడిగిన సాయంకాలాలున్నాయి. కిడ్నీ కలిసిందన్నాక జవాబు దొరికినట్టయింది, ఇదిగో దీనికే, అన్నయ్య కోసం దాచి ఉంచాను అనుకున్నాను. అలాంటిది పరగడుపు షుగరు గట్టెక్కి కూర్చుంటే ఎవరికి చెప్పుకోను.

పక్క కుర్చీలో ఒక అమ్మాయి, కడుపుతో ఉంది, ఆరో నెలో ఏడో నెలో, నాలాగే తీపి నీళ్ళు తాగి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. "ఆంటీ, ఇది తాగితే లోపల బిడ్డకేం కాదుగా?" అంది. ఏం కాదమ్మా అని ఊరుకోవచ్చు, మనుషులైతే అలాగే అంటారు. నేను ఏం కాదన్నాను, అనేసి ఊరుకున్నానా, ఆమె ఒళ్ళో పెట్టుకున్న నీళ్ళ సీసా చూశాను, పలచటి ప్లాస్టిక్ సీసా, కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది, ఎప్పటినుంచి వాడుతోందో సీసా మెడ దగ్గర తెల్లగా గీతలు పడ్డాయి. "అది ఎండలో పెట్టకమ్మా, వేడికి ప్లాస్టిక్‌లోవి నీళ్ళలోకి దిగుతాయి, ముఖ్యంగా ఇలాంటప్పుడు..." అన్నాను, ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాను, మంచి మాటలే, నిజమైన మాటలే. ఆ పిల్ల సీసా వంక చూసింది, నా వంక చూసింది, సీసా తీసి సంచిలో పెట్టుకుంది. కాసేపాగి, "ఇక్కడ గాలి రావట్లేదాంటీ" అని లేచి ఫ్యాను కిందికి వెళ్ళి కూర్చుంది. ఫ్యాను తిరగట్లేదు. పోనీలే, భయపెట్టాను, భయం కూడా ఒంటికి మంచిది కాదు, దానికి మాత్రం గీత ఎవరూ గీయలేదు. ఆమె వదిలిన కుర్చీ నా పక్కన ఖాళీగా ఉంది. సంచి తీసి అందులో పెట్టాను, ఎవరో ఉన్నట్టుంటుందని.

తీపి. నోట్లో తీపి ఊరుతుంటే అమ్మ గుర్తొస్తుంది, మామూలుగా అందరికీ ఇలా గుర్తొచ్చేది అమ్మ చేసిపెట్టినవి, నాకు మాత్రం అమ్మ వాడిన స్నానాలగదిలో గోడ వారన బారుకట్టిన చీమలు. అమ్మకి షుగరని ఆ చీమలే ముందు కనిపెట్టాయి, డాక్టరు తర్వాత. అమ్మ ఏ రసాయనం తిని తెచ్చుకుంది, మా పెరట్లో కూరలే తిన్నది, మట్టి అంటిన చేత్తోనే తిన్నది. అంటే నెత్తురులోనే వచ్చిందా నాకు, అలాగైతే అన్నయ్యకి ఎందుకు రాలేదు? అదే కదా నా కడుపుమంట. రోడ్డు పక్కన బస్సు ఆపిన ప్రతిచోటా తిన్నాడు, తారులాంటి నూనెలో తేలినవి, పలచటి సంచుల్లో పోసిచ్చిన పొగలుకక్కే టీ, అచ్చుకాయితంలో చుట్టిన ముక్కలు, కాయితం మీది అక్షరాలు ముక్కలకి అంటుకుంటే చదువుకుంటూ తిన్నానని గొప్పలు. అతని షుగరు చూసి నర్సులు మురిసిపోతారు, అబ్బ, కుర్రాళ్ళకి కూడా ఇంత బాగుండదండీ అని. కిడ్నీలు పోయినవాడికి షుగరు బంగారం, షుగరు పాడైనదానికి కిడ్నీలు బంగారం. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మంచి మనిషి తయారవుతాం. ఈ మాట అన్నయ్యతో అంటే పడీపడీ నవ్వుతాడు, అనాలి, ఈ సాయంత్రం అనాలి, నంబరు గీత లోపు వస్తే అంటాను. దాటితే ఆ జోకుకి కాళ్ళుండవు.

కోసిపెట్టిన ఆపిల్ ముక్క కాసేపట్లో గోధుమరంగుకి తిరుగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, ఒంట్లోపల జరిగేదీ ఇంచుమించు అదేనని ల్యాబుకి వచ్చి పాఠం చెప్పిన ఒకాయన అన్నాడు. ఊపిరి పీల్చుకుని బతికే ఏ ఒంట్లోనైనా కొంత తుప్పు పుడుతూనే ఉంటుంది, దాన్ని తుడిచే ఏర్పాట్లు ఒంట్లోనే ఉంటాయి, బయటినుంచి వచ్చే చెత్త ఎక్కువైతే తుడిచేదానికన్నా పుట్టేది ఎక్కువవుతుంది, దానికే ఆక్సీకరణ ఒత్తిడని పేరు. ఇన్సులిన్ చేసే కణాలున్నాయే, క్లోమంలో ద్వీపాల్లా గుంపులు గుంపులుగా, వాటికి ఆ తుడుచుకునే శక్తి మిగతావాటికన్నా తక్కువట. లివరుకి బోలెడంత ఉంటుందట, వీటికి లేదు. అది విన్న రోజు నాకు వాటి మీద అకారణంగా జాలి పుట్టింది. పుట్టినప్పటినుంచీ ఒంటికంతటికీ చక్కెర సర్దిపెట్టే పని, తమను కాపాడుకునే పనిముట్లు మాత్రం తక్కువ. మూర్ఖురాలా, కణాల మీద జాలేమిటి అనుకున్నాను కూడా. ఇప్పుడు నా పక్కటెముకల కింద ఎక్కడో అవి ఈ గ్లాసుడు తీపిని ఎదుర్కొంటూ ఉంటాయి, ఇంకొంచెం, ఇంకొంచెం పంపండమ్మా, ఈ ఒక్కపూటకి పరువు నిలబెట్టండి, తర్వాత జీవితాంతం మీకు తీపి చూపించను. ఇలా బతిమాలితే వింటాయా. అన్నయ్య బస్సు స్టార్టవకపోతే స్టీరింగు మీద చెయ్యివేసి బతిమాలేవాడు, అది మాత్రం వినేది.

టైము ఎంతయిందో గోడ గడియారం చూస్తే తెలుస్తుంది, చూడను. మెట్ల వైపు చూస్తాను, పైనుంచి ఎవరు దిగుతారా అని. వదిన పైనే ఉంటుంది, అన్నయ్య మంచం పక్కన స్టూలు మీద. పొద్దున లిఫ్టు దగ్గర ఎదురైనప్పుడు, "ఏమీ తినకుండా వచ్చావుగా?" అంది. అవునన్నాను. అంతే మా సంభాషణ. వదినకీ నాకూ గొడవేం జరగలేదు, జరిగుంటే బాగుండేది, గొడవలకి సర్దుబాట్లుంటాయి. వాళ్ళు కొత్తింట్లోకి మారాక నన్ను మొదటిసారి భోజనానికి పిలిచారు. నా కోసమని రంగురంగుల గిన్నెల సెట్టు కొంది, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ప్లాస్టిక్‌వి, పొయ్యి మీంచి దించిన కూర పొగలు కక్కుతుంటే ఎర్ర గిన్నెలో వంచి నా ముందు పెట్టింది. నేనేమన్నాను? "వదినా, ఇలాంటివాటిలో వేడివేడిగా వెయ్యకూడదు, రంగుతో సహా కూరలోకి దిగుతుంది" అన్నాను. ఊరుకుంటే పోయేది, "ఈ నూనె ఎన్నోసారి మరిగించింది?" అని కూడా అడిగాను. నేనన్నది తప్పు కాదు, ఇప్పుడు అడిగినా అదే అంటాను, ఆ గిన్నెలు తెచ్చి ల్యాబులో పెట్టినా నా మాటే నెగ్గుతుంది. అన్నయ్య పెద్దగా నవ్వి, "మా చెల్లెలు తల్లిపాలు కూడా వడగట్టుకునే తాగింది" అన్నాడు. పిల్లలిద్దరూ నవ్వారు, ఆ రోజునుంచి నేను వాళ్ళకి ల్యాబత్తని. వదిన నవ్వలేదు. నా ముందున్న ఎర్ర గిన్నె తీసి, వంటింట్లోకి తీసుకెళ్ళి, మళ్ళీ తేలేదు. తర్వాతిసారి వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని నా డబ్బా నేనే తీసుకెళ్ళాను. వాళ్ళు నలుగురూ బల్ల దగ్గర, నేనూ అదే బల్ల దగ్గర, నా డబ్బాతో. ఆ తర్వాత్తర్వాత ఎప్పుడు వెళ్ళినా గుమ్మంలోనే, "తినే వచ్చుంటావులే" అనడం మొదలైంది, అది ప్రశ్న కాదు, జవాబు కూడా వాళ్ళే చెప్పేవారు. నిజమే, తినే వచ్చేదాన్ని. భోజనాల వేళ దాటాక వెళ్ళి, మళ్ళీ భోజనాల వేళకి ముందే లేచి వచ్చేదాన్ని, ఆ మధ్యలో పట్టేంత చుట్టరికమే మాకు మిగిలింది.

ఆకలి వేస్తోంది. తీపి తాగాక ఆకలేమిటో, కడుపులో ఎవరో ఖాళీ డబ్బా దొర్లిస్తున్నట్టుంది. పక్క కుర్చీలో సంచి, సంచిలో నా డబ్బా ఉంది, రెండో సూది అయ్యాక తినడానికి పొద్దున్నే వండి పెట్టుకున్నాను. ఇప్పుడు తినకూడదు కాని ముట్టుకోవచ్చుగా, చెయ్యి పెట్టి మూత తడిమాను. మూత అంచున గాట్లు, వేలికి తెలిసిన గాట్లు, పక్కన మిల్లీలీటర్ల గీతలు, నా అన్నం ఎప్పుడూ కింది గీతలు రెండింటి మధ్యన ఉంటుంది. ల్యాబు డబ్బా ఇది. నమూనాలు వేసే తెల్ల డబ్బా. బజారు డబ్బాల్లో ఏం కలుపుతారో తెలీదని నేనెప్పుడూ బజారువి కొనలేదు, ల్యాబుకి కట్టలు కట్టలుగా వచ్చేవాటిలో ఎక్కువై మిగిలాయని పక్కన పడేసినవి తెచ్చుకునేదాన్ని. సీలు తీయనివి, సూక్ష్మజీవి లేదని చీటీ అంటించినవి, అంతకన్నా శుభ్రమైన డబ్బా ఎవరింట్లో ఉంటుంది? మధ్యాహ్నం విరామంలో అందులో ఉన్న అన్నాన్ని అలాగే మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి పొగలొచ్చేదాకా వేడిచేసి తినేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోంచి. రోజూ.

చెయ్యి ఆగిపోయింది. పోయినేడాది కొత్తగా చేరినతను నూనె నమూనాని ఇదే డబ్బాలో పట్టుకొస్తే అతన్ని అందరి ముందూ కడిగిపారేశాను. "ప్లాస్టిక్‌లోంచి దిగేదాన్ని వెతికేటప్పుడు నమూనా ప్లాస్టిక్‌లో తెస్తారా? గాజుసీసాలో తేవాలి, మూత కింద రేకు వెయ్యాలి, చేతికి తొడుగు కూడా వేసుకోకూడదు, ఈమాత్రం తెలీదా?" అని తిరగ్గొట్టి పంపించాను. ఆ మధ్యాహ్నమే ఈ డబ్బా ఓవెన్‌లో పెట్టుకుని నిలబడ్డాను, లోపల పళ్ళెం గుండ్రంగా తిరుగుతుంటే చూస్తూ. నమూనాకి గాజు, నాకు ఇది. జనం తినేదాన్ని ప్లాస్టిక్ ముట్టుకోకుండా కాపాడి, నా ముద్ద దానిలోనే ఉడకబెట్టుకున్నాను, చీటీ మీద శుభ్రం అని రాసుంది కదా అని. ఆ చీటీ చెప్పింది క్రిములు లేవని, ప్లాస్టిక్ దిగదని కాదు. నవ్వొచ్చింది, గట్టిగానే వచ్చింది, ఫ్యాను కిందున్న అమ్మాయి తిరిగి చూసింది. ఇంకో కుర్చీ అవతలికి జరిగిందేమో కూడా. వదిన ఎర్ర గిన్నె ఒక్కపూట, నా తెల్ల డబ్బా ఇన్నేళ్ళు.

ఆగు, ఆగు. తీర్మానం చెయ్యకు. ఒక్క నమూనా పెట్టుకుని తీర్పు చెప్పేదానివి నువ్వు కాదు. ప్లాస్టిక్‌లోంచి దిగే రసాయనాలు ఎలుకలకి ఎక్కువ మోతాదులో పెడితే చక్కెర పెరిగింది, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం తగ్గింది, నిజమే, మనుషుల్లో ఏం తేలింది, ఒంట్లో ఆ రసాయనాలు ఎక్కువున్నవాళ్ళలో షుగరు కూడా ఎక్కువ కనిపించింది, సంబంధం ఉండవచ్చు అన్నారు. ఉండవచ్చు. దానివల్లే వచ్చిందని ఎవరూ అనలేదు. అమ్మ నెత్తురుంది, కూర్చుని చేసే ఉద్యోగముంది, వయసుంది, రాత్రిళ్ళు నిద్రపట్టక దొర్లిన దొర్లుడుంది. ఏ ముద్ద చేసిందో, ఏ ముద్దా చెయ్యలేదో ఏ ల్యాబూ చెప్పలేదు, నా ల్యాబు అసలే చెప్పలేదు. దోషి ఎవరో తెలిస్తే బాగుండును, నేనే అయినా ఫర్వాలేదు, తెలిస్తే చాలు. ఉండవచ్చు అనే మాట పట్టుకుని అన్నయ్య ముందుకి ఎలా వెళ్ళను? ఇన్నేళ్ళు అందరి బల్లల దగ్గరనుంచీ లేచొచ్చేసింది ఈ ఉండవచ్చు కోసమేనా. లేదు, జాగ్రత్త మంచిదే, గిన్నె మార్చమనడం మంచిదే. గిన్నె మార్చమని చెప్పి కూర్చుని తినుండాల్సింది. కూర్చునుంటే ఏమయ్యేది, ఒక్క కూర. భయమేస్తోంది. అన్నయ్య పోతే ఏం చెయ్యను, బుల్లీ అని ఎవరంటారు, నాకు భయమేస్తోంది.

"అమ్మా, టైమైంది" అంది ఆకుపచ్చ గోళ్ళమ్మాయి. లేచాను. గదిలోకి వెళ్ళి కూర్చుని చెయ్యి చాపాను, ఈసారి కుడిచెయ్యి. సూది దిగేటప్పుడు తల తిప్పుకోను నేనెప్పుడూ, రక్తం గొట్టంలోకి ఎక్కడం చూశాను, ఎర్రగా, మామూలుగా, దాని ముఖం చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. "అసలు రిపోర్టు సాయంత్రం వస్తుంది" అంది. సాయంత్రందాకా ఆగలేను తల్లీ, చిన్న మెషిన్‌తో ఒకసారి చూడవా అని అడిగాను. నా గొంతులో ఏం వినపడిందో, చిరాకు పక్కనపెట్టి వేలి కొస పొడిచింది. బొట్టు పట్టీకి అంటుకుంది. మెషిన్ కాసేపు ఆలోచించింది. రెండువందల పైచిలుకు. "ఈ మెషిన్లు అటూ ఇటూ చూపిస్తాయిలెండమ్మా" అంది ఆ పిల్ల గబగబా. మెషిన్లు ఎంత అటూ ఇటూ చూపిస్తాయో నా బతుకంతా లెక్కవేశాను, అంత చూపించవు. పరిమితి దాటింది. సంతకం పెట్టడానికి ఏమీ లేదు కాబట్టి దూది గట్టిగా నొక్కి పట్టుకుని బయటికి వచ్చాను.

నా కుర్చీ పక్క కుర్చీలో వదిన కూర్చుని ఉంది. నా సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాళ్ళ దగ్గర ఇంకో సంచి, అందులోంచి తువ్వాలు చుట్టిన గిన్నె తీస్తూ, "ఆయన నిద్రపోయాడు, ఇదే సందని దిగొచ్చాను. అయిపోయాయా నీ సూదులు? రా, తిందువు" అంది. తువ్వాలు విప్పింది. గాజు గిన్నె, గాజు మూత. లోపల అన్నం, పక్కన ఉడికించిన కూర, మూతకి ఆవిరి పట్టి ఉంది. నేను చూడడం చూసింది. "గాజుదేలే. ఆ రంగు గిన్నెలు ఆ వారమే అవతల పారేశాను. నువ్వొస్తే పెట్టాలని ఇవి తెచ్చాను. నువ్వేమో డబ్బా వదల్లేదు" అంది, దెప్పుతూనే అంది, ఇన్నేళ్ళూ దాచుకున్న దెప్పు. కూర్చున్నాను. ఆమెకి చెప్పాలి. అన్నీ అంకెల్లో చెప్పేదాన్ని కదా, అంకె నోటికి రాలేదు.

"ఎంతొచ్చింది?" అంది.

"దాటింది వదినా."

వదిన మెట్ల వైపు చూసింది, పైదాకా చూసింది. గిన్నె అంచు మీద ఆమె బొటనవేలు అటూ ఇటూ తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు, వాటి దారిన వాటిని పోనిచ్చింది. ఏడుపు నాకూ వచ్చింది, నా ఏడుపుకి ఆమె ముందు హక్కుందో లేదో తెలియక ఆపుకున్నాను. "ఆయనకి నేను చెప్తాలే" అంది చివరికి. తర్వాత నావైపు తిరిగి, "మరి నువ్వు మందులేసుకోవాలా? ఒక్కదానివి, రాత్రిపూట కళ్ళు తిరిగితే ఎలాగే?" అంది. ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. ఈ గంటలో అన్నీ ఆలోచించాను, అదొక్కటీ ఆలోచించలేదు. "అన్నయ్యకి..." అన్నాను. "తిను ముందు. పొద్దున్నుంచి పస్తున్నావు" అని గిన్నె నా చేతుల్లో పెట్టింది, అరచేతులకి వేడి తగిలింది. తన సీసాలో నీళ్ళతో నా చెయ్యి కడిగించింది, చంటిపిల్లకి కడిగినట్టు, ఆ నీళ్ళు ఎక్కడివో, సీసా దేనిదో నేను చూడలేదు.

అన్నం, కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వదిన నా నోటి వంకే చూస్తోంది, ఏమేం వేశావు, నూనె ఎన్నోసారిది అని నేను అడుగుతానని కాచుకుని కూర్చున్నట్టుంది. ముద్ద చప్పగా ఉంది. ఉత్త చప్పగా. అన్నయ్యకి ఉప్పు మానిపించారు కదా, అతనికి లేదంటే ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదన్నమాట, పిల్లలకీ, తనకీ, ఎన్నాళ్ళనుంచో. ఆ ఇంటి అన్నం ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. నమిలాను, మింగాను. నేనింకా ఏమీ అడగకపోయేసరికి వదినే అడిగింది, వడ్డించినవాళ్ళు తినేవాళ్ళని అడిగే మాట, ఆలోచించకుండా అలవాటుగా నోట్లోంచి వచ్చేసే మాట, నన్ను ఎవరూ అడిగి ఎన్నేళ్ళయిందో లెక్కలేని మాట.

"ఉప్పు సరిపోయిందా?"

అడిగాక తనకే గుర్తొచ్చింది, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"సరిపోయింది వదినా" అని, ఇంకో ముద్ద కలుపుకున్నాను.